టోపీలు పీకిన పొద్దు

ఆసుపత్రి రెండో అంతస్తు వరండా. మూసి ఉన్న ఒక గది ముందు, బల్ల మీద వ్యాను నడుపుకునే బావమరిది. ఎదురుగా, ఇప్పుడే మెట్లెక్కి వచ్చిన బావ. ఆయనది ప్రకటనల కంపెనీలో ఉద్యోగం. లాండ్రీ నడిపే బావమరిది పెద్దమ్మే ఆయనకి అత్తగారు.

“అది కాదురా, నేనడిగేది ఒక్కటే. అత్తయ్యతో మాట్లాడ్డానికి ఇంకెవరైనా వచ్చారా? పేపరువాళ్ళు గానీ, అవతలి పార్టీవాళ్ళు గానీ?”

“ఎవరూ రాలేదు బావా. కూర్చో.”

“కూర్చునే టైము లేదు. కింద కారులో కెమెరా మనిషీ, లైట్ల మనిషీ కాచుకుని ఉన్నారు. సాయంత్రం వార్తలకల్లా అందించాలి. లోపల ఎవరున్నారు?”

“అక్క ఉంది.”

“మంచిదైంది. మీ అక్క మాటంటే అత్తయ్యకి గురి. ఒకసారి బయటికి పిలువు.”

“అక్క ఇప్పుడు రాదు. నువ్వు ముందు కూర్చో.”

“నీ చొక్కా ఏంట్రా అలా ఉంది? ఆ రక్తం నీదేనా?”

“నాది కాదు. పెద్దమ్మది.”

“ప్చ్. సరే, ఆ చొక్కా ఉతకొద్దు. అలాగే ఉండనీ, పనికొస్తుంది.”

“దేనికి?”

“చెప్తా విను. అత్తయ్య చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసం ఏం కాదు. ఒక్క ముక్క. ‘ఊదారంగు టోపీలు పెట్టుకొచ్చినవాళ్ళు నా మీదా, దుప్పట్ల కోసం వచ్చిన పేదవాళ్ళ మీదా పడి కొట్టారు.’ అంతే. మంచం మీద నుంచి లేవక్కర్లేదు కూడా.”

“ఊదారంగు టోపీలు పెట్టుకొచ్చినవాళ్ళు.”

“అబద్ధమా? టోపీలు ఉన్నాయా, లేవా?”

“ఉన్నాయి.”

“అవతలి పార్టీ గుర్తు వాటి మీద ఉందా, లేదా?”

“ఉంది.”

“మరింకేం. ఉన్నదే చెప్పమంటున్నా.”

“నువ్వక్కడ లేవు కదా బావా. అక్కడేం జరిగిందో నీకెవరు చెప్పారు?”

“దుప్పట్ల ప్రకటన తీస్తున్న డైరెక్టరు ఫోను చేశాడు. గొడవైంది, ఒకడు పోయాడు, అత్తయ్యకి దెబ్బ తగిలిందని. మేం ప్రచారం చేస్తున్న నాయకుడూ, నేనూ సగం దారిలో ఉన్నాం. నాయకుడు కారు వెనక్కి తిప్పించేశాడు.”

“అయితే నేను చెప్తా, విను. ఆవిడ చేత ఆ ముక్క చెప్పించాలంటే ముందు జరిగింది నీకు తెలియాలి కదా. రేపు ఎవడైనా అడిగితే?”

“అదీ నిజమే. చెప్పు, గబగబా.”

“ఆ టోపీలు పోయిన చలికాలంలో పంచారు. అప్పుడు పురపాలక ఎన్నికలు. అవతలి పార్టీవాళ్ళు లారీలో వచ్చి గూడ్సు షెడ్డు పక్కన పడుకునేవాళ్ళకీ, కూలీలకీ, చెత్త ఏరుకునేవాళ్ళకీ తలా ఒక ఉన్ని టోపీ ఇచ్చి, ఫొటోలు తీసుకుని పోయారు. ఓటు ఎవరికి వేశారో గానీ, టోపీ మాత్రం ఎవరూ పారేయలేదు. ఉన్నది అదొక్కటే. ఈ ఏడు చలి మొదలవగానే మళ్ళీ బయటికి తీశారు.”

“ఇదంతా నాకు తెలుసురా.”

“తెలిసే ఆ ముక్క రాశావా?”

“నువ్వు ముందుకు నడువు.”

“ఈ ఏడు చలి ఎలా ఉందో నీకు తెలియదు, నీది కారు. నాకు తెలుసు. తెల్లారి వ్యాను తీస్తే స్టీరింగు మంచుగడ్డలా ఉంటోంది. గూడ్సు షెడ్డు దగ్గర పడుకున్నవాళ్ళలో కొందరు పొద్దున లేవలేదు. ఆ మాట వచ్చిన రోజు నుంచి పెద్దమ్మకి అన్నం సహించలేదు. నీకు తెలుసుగా, లాండ్రీలో ఎవరూ తీసుకెళ్ళని బట్టలూ, ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన పాత స్వెట్టర్లూ ఏటా ఆవిడే ఉతికి, బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చేది. మురికి బట్ట ఇస్తే అది ఇచ్చినట్టు కాదు, వదిలించుకున్నట్టు అనేది. ఈ ఏడు బట్టలు సరిగ్గా రాలేదు. ఎవరింటికి వెళ్ళినా, మేం ఫలానా నాయకుడి దుప్పట్ల నిధికి ఇచ్చేశాం అన్నారు. అప్పుడే కదా నువ్వొచ్చావు.”

“నేనొచ్చింది సాయం చేద్దామనే.”

“నేను కాదన్నానా? దుప్పట్లు మావి, చేతులు మీవి, జనం మీ మాట మీద వస్తారు అన్నావు. ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపి, నీకేసి చూసి రెండే అడిగింది. తెల్లారగానే పంచెయ్యాలి, ఉపన్యాసం దాకా ఆపకూడదు అంది. వచ్చినవాళ్ళ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు అంది. నేనున్నాను కదా అత్తయ్యా అన్నావు.”

“ఉందామనే అనుకున్నాను. చివరి నిమిషంలో నాయకుడు కారెక్కమన్నాడు. ఆయన రమ్మంటే రానంటానా?”

“అనలేవు.”

“అదీ. నువ్వైనా అర్థం చేసుకున్నావు.”

“ఇవాళ తెల్లవారుజామునే జనం వచ్చేశారు బావా. మంచు ఎలా పట్టిందంటే ముందు నిలబడ్డవాడి వీపు తప్ప ఏమీ కనబడదు. గూడ్సు షెడ్డు పక్క గోదాము షట్టరుకి మీ కంపెనీ తాళం. లోపల దుప్పట్లు. బయట జనం. మధ్యలో మీ డైరెక్టరు, చలికోటూ, చేతిలో వేడి వేడి కాఫీ. పెద్దమ్మ వెళ్ళి షట్టరు తీయమంది. నాయకుడు వచ్చాక అన్నాడు. ముందు సగమైనా ఇద్దాం, పసిపిల్లలున్నారు అంది. ఇచ్చేస్తే లైనెక్కడుంటుంది, లైను లేకపోతే సినిమా ఎక్కడుంటుంది అని నవ్వాడు. సరే, నా స్వెట్టర్లైనా ఇస్తాను అని వ్యాను దగ్గరికి వచ్చింది. పాతవి ఫ్రేములోకి రాకూడదు, మూటలు విప్పొద్దన్నాడు. అప్పుడు ఆవిడ నీకు ఫోను చేసింది.”

“చూశాను.”

“చూశావా?”

“పక్కన నాయకుడున్నాడురా. ఎలా ఎత్తను? తర్వాత చేద్దామనుకున్నా.”

“మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. ఆఖరికి ఫోను నా చేతిలో పెట్టి, అల్లుడికి అక్కడ సిగ్నలు లేదేమో, నువ్వు ప్రయత్నిస్తూ ఉండు అంది.”

“…తర్వాత?”

“మంచు కాస్త విడింది. వెలుగొచ్చింది. కెమెరాలో చూస్తున్న డైరెక్టరు మొహం మాడిపోయింది. లైను నిండా ఊదారంగు టోపీలే. మన నాయకుడి ప్రకటనలో అవతలివాడి గుర్తు. ఎవరికో ఫోను చేశాడు. మాట్లాడుతూనే మీ కంపెనీ కాపలాకి పెట్టిన నల్లచొక్కాలవాళ్ళని పిలిచి, ఆ టోపీలు తీయించండి అన్నాడు. ఎవరికి చేశాడో నాకు తెలియదు.”

“నాకేసి అలా చూడకు. తీయించమంటే తీయించమనే ఎవరైనా అంటారు. కొట్టమని ఎవరూ అనరు.”

“నేను నీ పేరు ఎత్తలేదు బావా.”

“చెప్పు చెప్పు. ఆగకు.”

“మొదట ఎవరూ గొడవ చెయ్యలేదు. తీయమంటే తీసిచ్చారు. నల్లచొక్కా ఒకడు గోనెసంచి పట్టుకుని వరసలో నడుస్తుంటే అందులో పడేశారు. ఒక కూలీ జోకు కూడా వేశాడు, మనకి టోపీ పెట్టినవాళ్ళనే చూశాం గానీ టోపీ పీకేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాం అని. నలుగురూ నవ్వారు. ఆ నవ్వుకే నల్లచొక్కాలవాళ్ళకి కాలింది. అక్కణ్ణించి అడగటం మానేసి పీకటం మొదలుపెట్టారు. జుట్టుతో సహా పట్టి లాగారు. ఒక తల్లి తన పసిగుడ్డుకి ఆ టోపీనే చొక్కాలా తొడిగింది, కింద కోసి, పక్కల చేతులకి బెజ్జాలు పెట్టి. గుర్తు సరిగ్గా బిడ్డ పొట్ట మీదకి వచ్చింది. వాడు దాన్ని కూడా వదల్లేదు. బిడ్డ చెయ్యి బెజ్జంలో ఇరుక్కుంది. వాడు లాగుతూనే ఉన్నాడు.”

“చాల్లే, నాకెందుకు ఇదంతా…”

“బిడ్డ ఏడుపు ఆగిపోయింది బావా. ఊపిరి బిగబట్టేసింది. తల్లి వాడి మణికట్టు కొరికింది. వాడు ఆమె చెంప మీద మోచేత్తో పొడిచాడు. దవడ కదిలిన చప్పుడు వ్యాను దగ్గరున్న నాకు వినిపించింది. పెద్దమ్మ పరుగెత్తింది. ఆ మోకాళ్ళతో ఆవిడ పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. చేతిలో లాండ్రీ కర్ర ఉంది, పైదండేల మీది బట్టలు తీసే కొక్కెం కర్ర. మూటలు దింపడానికని తెచ్చుకుంది. వెళ్ళి బిడ్డకీ వాడికీ మధ్య నిలబడింది. వాళ్ళ నెత్తి మీదివి తీసేముందు ఆ దుప్పట్లు వాళ్ళ చేతుల్లో పెట్టు అంది. అరవలేదు. మామూలుగా, కొట్లో బేరం చేసినట్టు అంది. వాడు వెనక్కి తగ్గాడు కూడా.”

“తగ్గితే అక్కడితో అయిపోవాలిగా.”

“అయిపోయేదే. అవతల బొగ్గులాయన ఉన్నాడు.”

“ఎవరు?”

“పోయినాయన. లాండ్రీ బాయిలరుకి తోపుడుబండి మీద బొగ్గు తెచ్చేవాడు. నువ్వు చూసే ఉంటావు. చెవిలో చీము కారుతుంది ఆయనకి. దూది పెట్టుకుని, పైన ఆ టోపీ చెవుల కిందిదాకా లాక్కుని తిరిగేవాడు. చలిగాలి తగిలితే ప్రాణం పోయినంత నొప్పి అట. టోపీ తీయమంటే చెవి చూపించాడు. చెవి బాబూ, చెవి, అని రెండుసార్లు అన్నాడు. నల్లచొక్కావాడు ఆ చెవి మీదే కొట్టాడు. అరచెయ్యి చాపి, గూబ అదిరిపోయేలా.”

“టైమవుతోంది, చెప్పు.”

“ఆయన కూర్చుండిపోయాడు. టోపీ రెండు చేతుల్తోనూ తలకి అదుముకున్నాడు. ఇంకొకడొచ్చాడు. లాఠీతో వేళ్ళ మీద కొట్టాడు. వేళ్ళు వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. నలిగినా వదల్లేదు. అప్పుడు బూట్లతో తొక్కారు, డొక్కలో, మెడ మీద. చెవిలోంచి ముందు దూది వచ్చింది, తర్వాత రక్తం వచ్చింది. ఆ టోపీ ఊడి వచ్చేసరికి ఆయన కదలటం మానేశాడు. వాడు దాన్ని దులిపి సంచిలో వేసుకున్నాడు.”

“అప్పుడు జనం రాళ్ళు వేశారు. డైరెక్టరు అదే చెప్పాడు. రాళ్ళు వేశారా, లేదా?”

“వేశారు. పట్టాల పక్కన కంకర ఉంది కదా, దొరికింది దొరికినట్టు విసిరారు. ఒకడి కన్ను పోయిందనుకుంటా. ఇంకొకణ్ణి నలుగురు ఆడవాళ్ళు కింద పడేసి చెప్పుల్తో మొహం పచ్చడి చేశారు. కాళ్ళ కింద పడ్డవాళ్ళ మీద నుంచే అందరూ అటూ ఇటూ పరుగెత్తారు. నీ డైరెక్టరు బల్లెక్కి, ఆపొద్దు, తీస్తూనే ఉండు, తీస్తూనే ఉండు అని అరుస్తున్నాడు. ఆ మొత్తం మీ దగ్గర ఉండాలి.”

“ఉంది. రాళ్ళు వేసింది ఉంది. అందుకే ఆ ముక్క సరిపోతుందంటున్నా. టోపీలు పెట్టుకున్నవాళ్ళు, రాళ్ళు వేసినవాళ్ళు, రెండూ ఒకళ్ళే. చూసేవాడికి ఇంకేం కావాలి?”

“బొగ్గులాయనది?”

“అది… ఆ సమయానికి కెమెరా అటు లేదట.”

“లేదట.”

“లేదన్నారురా. నేనేం చెయ్యను? అత్తయ్య సంగతి చెప్పు. ఆవిడని ఎవడు కొట్టాడు? మొహం చూసిందా? చెప్పగలదా?”

“చూసింది. ఎదురుగా నిలబడి కొట్టాడు కదా. ముందు ఆవిడే కొట్టింది బావా.”

“ఏంటీ?”

“పెద్దమ్మే కొట్టింది. ఆ కర్రతో పిల్లిని కూడా అదిలించి ఎరగదు. బొగ్గులాయన మెడ మీద బూటు చూసింది. ఒక్క క్షణం అలా నిలబడింది. తర్వాత కర్ర తిప్పి, కొక్కెం ఉన్న వైపు వాడి చెంప మీద వేసి లాగింది. చెంప చీలి పళ్ళు కనబడ్డాయి. ఆవిడ కళ్ళలో భయం లేదు, కోపం కూడా లేదు. మరక పోని గుడ్డ మీద వంగినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. మళ్ళీ ఎత్తింది. ఈసారి వాడి లాఠీ ముందు దిగింది. నడినెత్తి మీద. ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పనా?”

“వద్దు.”

“పడిపోయాక కూడా కొట్టాడు. వీపు మీద, చేతి మీద, మళ్ళీ తల మీద. నేను వెళ్ళేలోపు. నేను జాకీ రాడ్డు తీసుకుని వెళ్ళాను. వాడి మోకాలు ఒక్క దెబ్బకి వెనక్కి తిరిగిపోయింది. పడ్డాక ఇంకోటి వేశాను, రెండో మోకాలికి. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను. బాగుందనిపించింది బావా. దాచుకోవడం ఎందుకు, బాగుందనిపించింది.”

“ఆ మాట ఇంకెక్కడా అనకు. వాడు నీ మీద కేసు పెట్టబోతున్నాడు. హత్యాయత్నం. నాకు ఇందాకే తెలిసింది. నేనొక మాట చెబితే ఆగుతుంది. అత్తయ్య ఆ ముక్క చెబితే, కేసు ఉండదు, నీ వ్యాను నీకుంటుంది. అర్థమవుతోందా నేనెందుకు తొందరపడుతున్నానో?”

“అర్థమవుతోంది. ఇంకొంచెమే ఉంది, విను. జనం షట్టరు విరగ్గొట్టారు. దుప్పట్లు బయటికి వచ్చిపడ్డాయి. ప్లాస్టిక్కు కవర్ల మీద కాళ్ళు జారి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఎవరో పుణ్యాత్ముడు ఒక దుప్పటి తీసుకొచ్చి బొగ్గులాయన మీద కప్పాడు. సరిగ్గా గుండెల మీద, దుప్పటికి అచ్చేసిన నాయకుడి మొహం, చేతులు జోడించి నవ్వుతూ. అప్పటిదాకా బల్ల దిగని డైరెక్టరు అది చూసి దిగి పరుగెత్తుకొచ్చాడు. దాన్ని లాగెయ్యమన్నాడు. లాగేశారు. పక్కనున్న ఆడవాళ్ళు శాపనార్థాలు పెడితే మళ్ళీ కప్పారు.”

“కప్పారుగా.”

“తిరగేసి కప్పారు.”

“…నాకివన్నీ ఎందుకు చెబుతున్నావురా? నేను కొట్టానా? నేను తొక్కానా? నా మెడ మీద కత్తి వేలాడుతోంది ఇక్కడ. నాయకుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ అత్తగారే కదా, మీరే సర్దాలి అన్నాడు. ఉద్యోగం పోతే మీ అక్క ఏం తింటుంది, పిల్లలు ఏం తింటారు?”

“నిన్నేమీ అనడం లేదు. ఆసుపత్రికి ఎలా తెచ్చామో కూడా విను. గేటు దగ్గర అంబులెన్సు ఉంది. తలుపులు తీసి, మంచం పరిచి, కొత్తగా తళతళలాడుతూ. పెద్దమ్మని చేతుల మీద వేసుకుని అక్కడికి వెళ్ళాను. ఇది నాయకుడి బండ్ల వరసలోది, ఆయన వచ్చి వెళ్ళేదాకా కదలకూడదు అన్నాడు డ్రైవరు. ఆయన రావట్లేదట అన్నాను. నాకు ఆర్డరు రాలేదు అన్నాడు. వాణ్ణీ కొడదామనుకున్నాను గానీ చేతులు ఖాళీ లేవు. వ్యానులో స్వెట్టర్ల మూటలు విప్పి, పరిచి, వాటి మీద పడుకోబెట్టాను. పక్కన ఆ బిడ్డ తల్లి కూర్చుంది, దవడ పట్టుకుని.”

“దారిలో మాట్లాడిందా అత్తయ్య?”

“మాట్లాడింది.”

“ఏమంది? ఎవరి పేరైనా చెప్పిందా? ఆ తల్లి విందా? ఆమె ఇప్పుడెక్కడుంది?”

“పేర్లేం చెప్పలేదు. బిడ్డ ఏడుస్తోందా అని అడిగింది. ఏడుస్తోందంటే, అయితే ఫరవాలేదు అంది. కాసేపు ఆగి, కింద పరిచినవి స్వెట్టర్లా అని అడిగింది. అవునన్నాను. అయ్యో, మళ్ళీ ఉతకాలి, చన్నీళ్ళలో నానబెట్టు, వేణ్ణీళ్ళు తగిలితే రక్తం మరక వదలదు అంది. నేను ఏడుస్తూ బండి నడుపుతున్నాను, ఆవిడ నాకు స్వెట్టర్లు ఉతకటం చెబుతోంది.”

“ఇంకేమీ అనలేదా? నా గురించి?”

“అంది. అల్లుణ్ణి ఏమీ అనకు, వాడు అక్కడుంటే ఇలా జరగనిచ్చేవాడు కాదు అంది.”

“చూశావా. నేను చెప్పలేదూ? అత్తయ్యకి నా మీద కోపం లేదు. నేనడిగితే కాదనదు. ఒరేయ్, నేను చెడ్డవాణ్ణి కానురా. ఈ ఎన్నికలు గడవనీ. నాయకుడు మాట ఇచ్చాడు, అత్తయ్య పేరు మీద ట్రస్టు పెట్టిస్తానని. కొత్త బాయిలరు, పెద్ద షెడ్డు, ఏటా చలికాలం బండ్ల నిండా దుప్పట్లు. మేం ప్రకటనలకి పోసేదాంట్లో ఒక చెంచాడు ఇటు తిప్పితే ఈ ఊళ్ళో ఒక్కడు కూడా చలికి వణకడు.”

“అది నువ్వు పోయిన నెల అన్నం తింటూ కూడా అన్నావు. ఇచ్చిన దుప్పట్ల కంటే ఇచ్చామని చూపించడానికే ఎన్నో రెట్లు అవుతుందని. నవ్వావు కూడా.”

“నవ్వితే నవ్వానులే. లోకం అలా ఉంది. ఇప్పుడు పని చూద్దాం. మొహం మీద దెబ్బ కనబడుతుందా?”

“కనబడుతుంది.”

“నోరు వాచిందా? మాట స్పష్టంగా వస్తుందా?”

“వాచింది.”

“ఫరవాలేదు, తడబడుతూ చెబితేనే గుండెకి తగులుతుంది. కింద అక్షరాలు వేద్దాం. తలకి కట్టు ఉంది కదా?”

“ఇందాక విప్పేశారు.”

“విప్పేశారా? ఎందుకు? కట్టుంటేనే కదా… సరే, నర్సుతో మాట్లాడి మళ్ళీ కట్టిద్దాం. లోపల వెలుతురెలా ఉంది? కిటికీ ఉందా?”

“ఉంది. అక్క తెర వేసింది.”

“తీయించొచ్చు. డాక్టరు లోపలున్నాడా?”

“వెళ్ళిపోయాడు. ఇక ఆయన పని లేదన్నాడు.”

“ఇంకా మంచిది, అడ్డు చెప్పేవాడు లేడు. నేను కిందకి ఫోను చేసి కెమెరా పైకి రమ్మంటా. నువ్వు ఆ చొక్కాతో పక్కన నిలబడు, ఏం మాట్లాడకు. మీ అక్కని కూడా కాస్త కళ్ళు తుడుచుకోమను. లే, లేచి తలుపు తియ్యి.”

“దానికి గడియ లేదు బావా, తోస్తే వస్తుంది. నువ్వే తోసుకుని వెళ్తావేమో, పోనీ అత్తయ్యకి ఎలా ఉందని ఒక్కమాట అడుగుతావేమో అనే ఇంతసేపూ ఇదంతా చెబుతూ కూర్చున్నాను. నువ్వు మెట్లెక్కకముందే పోయింది.”